నిగ్గు మేడ

మా మేడ చూడ్డానికి కొత్తగా వచ్చినవాళ్ళు ముందు అడిగేది, "అద్దాలేవండీ?" అని. ఆ ఇంట్లో నిలువెత్తున మనిషి కనపడుద్దని ఎవరో చెప్పి పంపిస్తారు. అద్దాల్లేవు నాయనా, ఏనాడూ లేవు. ఉన్నది గోడ. సున్నంతో కట్టిన గోడ. గురజాల నుంచి మాచర్ల పోయే బస్సులో కండక్టరు మా ఊరి పేరు చెప్పడు, "నిగ్గు మేడ దిగేవాళ్ళు రండి" అని అరుస్తాడు. ఊరి పేరునే మింగేసిన ఇల్లు అది. ఆ ఇంటి కోడల్ని నేను, యశోదని. గొప్పలు చెప్పుకుంటుందనుకుంటే అనుకోండి. చెప్పుకోటానికి ఉన్నప్పుడు చెప్పుకోక మూటగట్టి అటక మీద పెట్టుకుంటామా?

ఆ మేడ కట్టింది మా ఆయన తాత, మల్లికార్జునరావు గారు. అప్పటికి సాగర్ కాలవ లేదు, మావన్నీ మెట్ట చేలు. పొలం గట్టు తగాదా ఒకటి ముదిరి ముదిరి మద్రాసు హైకోర్టు దాకా పోతే, ఈయనా పోయాడు. అక్కడ వకీలు గారింటి వరండాలో కూర్చోబెట్టారు. ఎదురుగా గోడలో ఎవరో తలపాగా చుట్టుకున్న మనిషి తనకేసే చూస్తున్నాడంట. ఎవరయ్యా ఈ మొరటోడు అనుకుని, కాసేపటికి తనే అని తెలుసుకున్నాడు. గోడేనా ఇది అని చెయ్యి పెట్టబోయాడు. గుమాస్తా కసిరాడు. "ఆ మట్టి చేతులు గోడకి పెట్టకు" అన్నాడు.

కేసు ఓడిపోయి వచ్చాడు. ఆ ఓడిపోయిన సంగతి ఇంట్లో ఒక్కసారి చెప్పి వదిలేశాడంట. గుమాస్తా మాట మాత్రం పోయేదాకా చెప్పాడు. "అంతకంటే పెద్ద గోడ కడతా. మట్టి చేతులోళ్ళే కడతారు. ఎవడు కావాలంటే వాడు చెయ్యి పెట్టుకోవచ్చు" అన్నాడు. అన్నమాట ప్రకారం కట్టాడు. పల్నాడోడి రోషం అంటే కత్తులూ కర్రలే గుర్తొస్తాయి జనానికి. గోడ కట్టిన రోషం కూడా ఉందని ఎవరు చెప్పాలి? నేనే చెప్పాలి.

అరవదేశం నుంచి మేస్త్రీల్ని పిలిపించాడు. సున్నపురాయి మా చేలల్లో తవ్విందే. బట్టీలో కాల్చారు, గోతుల్లో నెలల తరబడి నానబెట్టారు, ఎద్దుల గానుగలో వెన్నలాగా అయ్యేదాకా తొక్కించారు. బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు, కోడిగుడ్డు తెల్లసొన. ఆ ఏడాది మా ఊళ్ళో ఏ ఇంట్లోనూ గుడ్డు పొరటు వండలేదు, అన్నీ గోడే తినేసిందంటారు. అంతా అయ్యాక వచ్చింది అసలు పని. ఆఖరు పూత తడి ఆరకముందే నున్నటి గులకరాళ్ళతో రుద్దాలి. చేతులు ఆపకూడదు. ఆపితే అక్కడ మచ్చ పడుద్ది. వీధి వరండా ఈ కొస నుంచి ఆ కొస దాకా గోడ. మేస్త్రీలేమో గుప్పెడు మంది. అంత గోడ రుద్దటం వాళ్ళ వల్ల ఎట్టా అవుద్ది?

అప్పుడు ఊళ్ళో ఆడోళ్ళు దిగారు. అన్ని వీధుల వాళ్ళూ, అవతల పేట వాళ్ళూ. చేతులు బారజాపితే ఎంతొస్తే అంత గోడ ఒక్కొక్క ఇంటికి. బారకో ఇల్లు. కొంగులు బిగించి, పిల్లల్ని ఒకరు మార్చి ఒకరు ఎత్తుకుని, రాత్రనక పగలనక రుద్దారు. తెల్లారి సూర్యుడొచ్చేసరికి గోడలో ఊరుంది.

అప్పట్నుంచి మాకొక ఆనవాయితీ. ఊళ్ళోకి కొత్తకోడలు వస్తే, అత్తగారు ఇంట్లో కుడికాలు పెట్టించటానికి ముందే మా వరండాకి తీసుకొస్తుంది. తమ ఇంటి బార ఎక్కడుందో అక్కడ నిలబెట్టి, "చూసుకోవే, మా ముసలమ్మ చేతుల్లో నీ మొహం చూసుకో" అంటది. నన్నూ అట్టాగే నిలబెట్టారు, సింహద్వారం పక్కన. మాది వెల్దుర్తి. మా పుట్టింట్లో అరచేతిలో పట్టే అద్దం తప్ప ఇంకోటి లేదు. నా ఒడ్డూ పొడుగూ నేను మొదటిసారి చూసుకున్నది ఆ గోడలోనే. "పర్లేదే, బాగానే ఉన్నానే" అనుకున్నా. ఆ రోజు నుంచి ఆ మేడ మా అత్తవారిది అని నేనెప్పుడూ అనలా. నాది అన్నా.

ఇక దాన్ని తగలేసింది ఎవరో కూడా చెప్పాలి. మా ఆయన కోటేశ్వరరావు, ఆయన పినతండ్రి కొడుకు బాబూరావు. తాత కట్టిన మేడని తండ్రులు చెరిసగం పంచుకున్నారు. తూర్పు సగం మాది, పడమర సగం బాబూరావుది. వరండా మధ్యలో ఇనప గ్రిల్లు పెట్టారు. గోడని మాత్రం ఏం చేయగలరు, అది ఒకటే గోడ. తండ్రులు పంపకాలైనా ఒక విస్తట్లో తిన్నట్టే ఉండేవాళ్ళు. వీళ్ళిద్దరూ పెద్దయి చెరొక పార్టీలో చేరారు. మాది ఎట్టాంటి ఊరో తెలుసుగా. పంచాయతీ ఎలక్షన్లకి పార్టీలు లేవని కాయితాల్లో ఉంటది, మా ఊళ్ళో కుక్కకి కూడా పార్టీ ఉంటది.

మా అమ్మకి బాగా లేకపోతే ఒకసారి నేను వెల్దుర్తి పోయా. తిరిగొచ్చి ఆటో దిగేసరికి మా సగం గోడకి రంగు. పార్టీ రంగు! ఏ రంగో నేను చెప్పను. చెబితే మీరు కథ వదిలేసి నన్ను తిట్టటం మొదలుపెడతారు. మా ఆయనకి మండలంలో ఏదో పదవి ఇచ్చారంట, ఆ సంబరం. వారం తిరక్కముందే బాబూరావు తన సగానికి వాళ్ళ రంగు కొట్టించాడు. నేను అరిచా, ఏడ్చా, నెల రోజులు ఆయనకి ఉప్పులేని చారు పోశా. "ఏందే నీ గోల, గోడ ఎక్కడికీ పోలేదుగా, కిందే ఉంది" అన్నాడు. ఆ తర్వాత ప్రతి ఎలక్షనుకీ ఒక పూత. కొత్తకోడళ్ళు రావటం ఆగిపోయింది. వచ్చినా ఏం చూసుకుంటారు?

ఇందులో నాకు ఒళ్ళు మండేది ఇంకోటుంది. ఇంటికి ఎవరొచ్చినా మా ఆయన ఆ రంగు ముందు నిలబడి మద్రాసు కథంతా చెప్పేవాడు. మా తాత, గుమాస్తా, గులకరాళ్ళు, కోడిగుడ్లు. వచ్చినవాళ్ళు ఆ రంగు కేసి చూసి బుర్ర ఊపేవాళ్ళు, పాపం. "ఏదీ, ఆ నిగ్గేదో చూపించండి మరి" అని నేను లోపల్నుంచి అనేదాన్ని. వినపడనట్టు నటించేవాడు.

మొన్న ఎండాకాలం మొదట్లో పైఅంతస్తు నుంచి పెళ్ళలు రాలటం మొదలైంది. గోడకి చెమట పట్టినట్టు తడి. ఎవరో ఫిర్యాదు చేస్తే పంచాయతీరాజ్ ఆఫీసు నుంచి ఇంజనీరమ్మాయి వచ్చింది, అబిదా అని. చాకు లాంటి పిల్ల. గోడంతా చేత్తో తట్టి, పైకెక్కి దూలాలు చూసి, దిగొచ్చి నాకూ, గ్రిల్లు అవతల నిలబడ్డ బాబూరావు భార్య పూర్ణిమకీ వినపడేట్టు చెప్పింది.

"పెద్దమ్మా, ఇది సున్నపు గోడ. గాలి పీల్చి వదలాలి. మీరు పొర మీద పొర ప్లాస్టిక్ పెయింట్ వేసి దాని ముక్కు మూసేశారు. లోపలి తేమ బయటికి పోలేక పైకెక్కి టేకు దూలాల కొసలు తడిపేస్తుంది."

"రంగు తీసేస్తే?"

"ఎండలు ఉన్నాయిగా, ఆరిపోద్ది. వానలు పడేలోపు ఆరితే భవనం బాగుందనే రాస్తా. ఆరకపోతే ఖాళీ చేయించమని రాయక తప్పదు. రెండు సగాలూ తీయాలి. ఒకటి తీసి ఒకటి వదిలితే లాభం లేదు."

"కింద నిగ్గు బతికే ఉందా అమ్మా?"

ఆ పిల్ల అబద్ధం చెప్పలా. "తీస్తేగానీ తెలియదు పెద్దమ్మా. ఇనుము మాత్రం తగలనీయొద్దు. వేడినీళ్ళల్లో ముంచిన గోనెపట్టాలు అంటించి, మెత్తబడ్డాక చెక్కతో లాగండి" అని చెప్పి వెళ్ళింది.

ఖాళీ చేయిస్తే ఏమవుద్దో నాకు తెలియందా? చిలకలూరిపేట బిల్డరొకడు ఎప్పట్నుంచో ఇద్దరికీ ఫోన్లు చేస్తున్నాడు, కాంప్లెక్స్ కడతానని. మేడ ఖాళీ అయిన మర్నాడు పొక్లెయిన్ వచ్చుద్ది. మా ఆయనకి ఆ రోజే చెప్పా, రంగు గీకిద్దామని. గుండెల మీద చెయ్యేసుకున్నాడు.

"ఎలక్షన్ల ముందు రంగు గీకుతారటే! ఊరేమనుకుంటది? పార్టీ మారాడంటారు!"

"మేడ పోద్దంట."

"ముందు వాణ్ణి గీకమను."

అవతల బాబూరావు కూడా అదే మాటన్నాడని తర్వాత తెలిసింది, "ముందు అన్నని గీకమను" అని. ఆ విషయంలో మాత్రం అన్నదమ్ములిద్దరిదీ ఒకే నోరు.

ఇక్కడ ఇంకో తమాషా ఉంది. ఈసారి సర్పంచ్ సీటు ఆడోళ్ళకి రిజర్వు అయింది. మా పార్టీ తరఫున నిలబడేది ఎవరనుకున్నారు? నేను. నన్ను అడిగినవాడు లేడు. ఫ్లెక్సీ వచ్చాక తెలిసింది. అందులో నా ఫోటో అగ్గిపెట్టంత, మా ఆయనది తలుపంత. అవతల పార్టీ తరఫున పూర్ణిమ. దాని ఫ్లెక్సీలోనూ అదే కొలత. నేను సర్పంచిని కాలేదు, పూర్ణిమా కాలేదు, షబ్నం అనే అమ్మాయి అయింది, అది కూడా ఇప్పుడే చెప్పేస్తున్నా. నేను చెబుతున్నది ఎలక్షన్ కథ కాదు.

పూర్ణిమా నేనూ మాట్లాడుకోం అని ఊరంతా అనుకుంటది. మాట్లాడుకుంటాం, రోజూ ఒక్క మాట. బోరు ఒకటే, దాని స్విచ్ వాళ్ళ దొడ్లో ఉంది. పొద్దున్నే నేను దొడ్డి గోడ మీంచి "మోటరు!" అని అరుస్తా. అది వేసుద్ది. ట్యాంకు నిండాక అది "మోటరు!" అని అరుసుద్ది. నేను సరే అంటా. ఇన్నేళ్ళ కాపురంలో తోడికోడళ్ళ మధ్య మాటంటే అదే. అబిదా వచ్చిపోయిన నాలుగో నాడో ఐదో నాడో, "మోటరు" అనబోయి ఆగా.

"ఏమే పూర్ణా, నీ బార ఎక్కడో గుర్తుందా?" అన్నా.

 దాని తల దొడ్డి గోడ మీద కనపడింది. బకెట్ తిరగేసి ఎక్కినట్టుంది. "మూడో కిటికీ పక్కనక్కా. నేనొచ్చిన రోజు నా ముక్కుపుడక మెరిసింది అందులో" అంది.  నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎందుకబద్ధం.

"శనివారం నీ మొగుడు ఎటన్నా పోతున్నాడా?"

"మాచర్లలో మీటింగంట."

"ఈయనకి నరసరావుపేటలో. పొద్దున్నే మొదలుపెడదాం. ఇద్దరం ఒకేసారి. ముందెవరు గీకారన్న మాటే లేకుండా."

శనివారం ఇద్దరు మొగుళ్ళూ కార్లెక్కిన దుమ్ము అణగకముందే పెళ్ళిళ్ళకి వాడే గుండిగలు రెండు పొయ్యిల మీదకెక్కాయి. నీళ్ళు మరిగాయి. గోనెపట్టా ముంచి, సింహద్వారం పక్కన నా బార మీద అంటించా. చేతులు కాలాయి. గ్రిల్లు అవతల మూడో కిటికీ పక్కన పూర్ణిమ కూడా అంటించింది. కాసేపాగి చెక్క గరిటె పెట్టి లాగితే, రంగు పాము కుబుసంలాగా ఊడొచ్చింది. కింద చూశా.

తెల్లగా, పాలిపోయి, సుద్దముక్కలాగా ఉంది. నిగ్గు లేదు. మొహం లేదు. ఏమీ లేదు.

అక్కడే కూలబడ్డా. చచ్చిపోయిందే పూర్ణా, చంపేశారే వెధవలు, అన్నా. అది కూడా నోట కొంగు పెట్టుకుని నిలబడిపోయింది.

సరిగ్గా అప్పుడే వీధిలో టపాకాయలు పేలాయి. ఎవడో చూసి ఫోన్లు కొట్టినట్టున్నాడు. బాబూరావు పార్టీ కుర్రాళ్ళు కేకలేసుకుంటూ గేటు తోసుకుని వచ్చారు. "యశోదమ్మ గారు మన పార్టీలో చేరారు! జై!" ముందున్నవాడు సాయికిరణ్. వాడి చిన్నప్పుడు మా ఇంట్లో ఎన్ని జామకాయలు తిన్నాడో. వంగి, ఒక పాలిస్టరు కండువా నా మెడలో వేశాడు, ఇంకోడు వీడియో తీస్తున్నాడు.

నాకు ఎక్కడలేని మంటా వచ్చింది. ఆ కండువా లాగి, ఉండచుట్టి, గోడ మీద వేసి రుద్దా. కసికొద్దీ రుద్దా. ఏం చేస్తున్నానో నాకు తెలిస్తేగా. ఆ సుద్దలాంటిది కండువాకి అంటుకుని పొడిపొడిగా రాలింది. ఇంకా రుద్దా. సాయికిరణ్ "అత్తా, అత్తా, అది కండువా" అంటున్నాడు. వాడి నోరు అట్టాగే తెరుచుకుని ఉండిపోయింది. ఏందిరా అని వాడి చూపు పట్టుకుని గోడకేసి తిరిగా.

గోడలో వాడున్నాడు. నోరు తెరుచుకుని. వాడి పక్కన చెదిరిన జుట్టుతో నేనున్నా.

"ఓరి నాయనో! బతికే ఉందే! పూర్ణా, రుద్దవే, రుద్దు! పైది ఒట్టి సుద్ద!"

అవతల దానికి రుద్దటానికి గుడ్డ దొరక్క చూస్తుంటే, మా పార్టీ కుర్రాళ్ళు కూడా పరుగెత్తుకొచ్చారు. వీళ్ళు తక్కువ తిన్నారా? పూర్ణిమమ్మ గారు మన పార్టీలో చేరారని మా కండువా దానికేశారు. అది దండం పెట్టి తీసుకుని, గోడకేసి తోమింది. ఒక మాట చెప్పాలి, గోనెపట్టాల కంటే కండువాలే బాగా పనికొచ్చాయి. ఇంకెన్నున్నాయిరా అని అడిగి మరీ తీసుకున్నాం.

ఊళ్ళోకి కబురు ఎట్టా పోయిందో, పున్నమ్మ వచ్చింది. అవతల పేటలో ఉంటది, తొంభై దాటిన మనిషి, మనవరాలి భుజం పట్టుకుని వచ్చింది. ఎవరితోనూ మాట్లాడలేదు. వరండా ఎక్కి గోడ తడుముకుంటూ మా సగం దాటి, గ్రిల్లు దగ్గర ఆగింది. "ఇదేందే అడ్డం? మా అమ్మ బార అటుంది" అంది.

అప్పుడు గానీ ఆ గ్రిల్లు సంగతి మాకు తట్టలా. బారలు పంచింది ఎప్పుడు? మేడ పంచకముందు. పార్టీలు పుట్టకముందు. పున్నమ్మ కొడుకులది మా పార్టీ, వాళ్ళ అమ్మమ్మ బార బాబూరావు సగంలో ఉంది. బాబూరావు కుడిభుజమని చెప్పుకునే జయకృష్ణ ఇంటి బార మా సగంలో, మా పడగ్గది కిటికీ కింద. వెనకే జయకృష్ణ భార్య అర్చన గరిటె పట్టుకుని వచ్చింది. దాని వెనక ఇంకొందరు. ఎవరి బార ఎక్కడుందో అందరికీ తెలుసు, వాళ్ళ అత్తలు నిలబెట్టి చూపించినవాళ్ళేగా. లేకపోతే అత్తలే వచ్చారు. గ్రిల్లు తాళంచెవి ఏడుందో ఎవరికీ తెలియదు. మా కుర్రాళ్ళు, వాళ్ళ కుర్రాళ్ళు కలిసి గునపం పెట్టి లేపారు. లేపాక ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. మనమెందుకు లేపామురా అన్నట్టుంది వాళ్ళ వాలకం.

మధ్యాహ్నానికి వరండా నిండిపోయింది. మా పార్టీ ఇళ్ళ ఆడోళ్ళు వాళ్ళ రంగు లాగుతున్నారు, వాళ్ళ పార్టీ ఇళ్ళ ఆడోళ్ళు మా రంగు లాగుతున్నారు. ఎవరు ఎవరి పార్టీలోకి దూకారో వీడియో తీసేవాడికి కూడా అంతు చిక్కలా. పున్నమ్మ తన తల్లి బార ముందు కూర్చుని, కింది భాగం తనే రుద్దింది. ఎవరు సాయమొచ్చినా చెయ్యి విదిలించింది. నిగ్గు తేలాక గోడకి చెంప ఆనించి కళ్ళు మూసుకుంది. ఆ ముసల్దాన్ని చూసి ఏడవనివాళ్ళు లేరు. మళ్ళీ చేతులాపినవాళ్ళూ లేరు.

ఎండ వాలేటప్పుడు రెండు కార్లూ ఒకేసారి వచ్చాయి. మా ఆయన దిగుతూనే అరిచాడు. "ఏమే! బుద్ధుందా నీకు? నా పరువు బజార్న పెట్టావు గదే! వాడి పార్టీలో చేరావంట!" అటు కారులోంచి దిగిన బాబూరావు కూడా పూర్ణిమని అదే అంటున్నాడు. ఇద్దరూ ఒకళ్ళకొకళ్ళు వేలు చూపించుకుంటూ మెట్లెక్కారు. ఎక్కి ఆగిపోయారు.

సాయంత్రపు ఎండ గోడ మీద పడుతుంది. ఈ కొస నుంచి ఆ కొస దాకా. మధ్యలో గ్రిల్లు లేదు, రంగు లేదు. ఎక్కడ మా సగం అయిపోయి ఎక్కడ వాళ్ళది మొదలైందో నాకే తెలియట్లా. ఊరంతా ఆ గోడలో ఉంది, చెమట్లు కారుకుంటూ, జుట్లు విరబోసుకుని. వాళ్ళ మధ్యలో తెల్ల చొక్కాలేసుకుని ఇద్దరు మొగాళ్ళు వేళ్ళు చూపించుకుంటూ నిలబడి ఉన్నారు. ఆ వేళ్ళు మెల్లగా కిందికి దిగాయి.

మా ఆయన గోడ దగ్గరికి పోయాడు. ఎన్నిసార్లు చెప్పాడు ఆ మద్రాసు కథ! ఇప్పుడు ఒక్క మాట రాలేదు. చెయ్యి ఎత్తాడు గానీ పెట్టటానికి భయపడ్డాడు. ఇంతలో జేబులో ఫోను మోగింది. నియోజకవర్గం పెద్దాయన. పెద్దవాళ్ళ ఫోనొస్తే స్పీకర్ పెట్టటం మా ఆయనకి అలవాటు, నలుగురూ వినాలని. చెయ్యి అలవాటుగా స్పీకర్ నొక్కింది.

"ఏందయ్యా కోటేశ్వరరావు! వాట్సప్ నిండా మీ ఆవిడే! మన రంగు పీకి పారేసింది, అవతలోళ్ళ కండువా వేసుకుంది. రేపు పొద్దున్నకల్లా గోడకి మళ్ళీ రంగు పడాల. లేకపోతే టిక్కెట్టు ఇంకోళ్ళకి. అర్థమైందా?"

  ఆయన సంగతి నాకు తెలుసు. ఆ ఫోనుకి ఏనాడూ అవునండీ, అట్టాగేనండీ తప్ప ఇంకో మాట అనలా. ఇప్పుడు అనే అట్టాగేనండీతో నా మేడ పోద్ది. తెల్లారేసరికి పెయింట్ డబ్బాలు దిగుతాయి.

ఆయన గోడలోకి చూస్తానే ఉన్నాడు. తన మొహం, దాని పక్కన బాబూరావు మొహం. ఇద్దరిదీ తాత ముక్కే.

"కుదరదండీ" అన్నాడు.

"ఏందీ?"

"మా తాత కట్టిన గోడండీ ఇది. దాని మీద మీ రంగు నిలవట్లేదు" అని ఫోను పెట్టేశాడు.

నా కాపురంలో ఆయన్ని చూసి నేనంత గర్వపడిన రోజు ఇంకోటి లేదు. మొహమాటం దేనికి, అందరి ముందూ "శభాషండీ!" అన్నా. ఆడోళ్ళు ఈలలేశారు. పున్నమ్మ కూడా ఏదో కేకేసింది.

ఆ గోలలో బాబూరావు జేబులో ఫోను మోగటం మొదలైంది. బయటికి తీసి చూశాడు, వాళ్ళ పార్టీ పెద్దాయన. మొహం పాలిపోయింది. మోగుతుంది, ఎత్తడు. కట్ చేయడు. పూర్ణిమకేసి చూశాడు, గోడకేసి చూశాడు, మా ఆయనకేసి చూశాడు. వాళ్ళిద్దరూ ఎదురెదురుగా మాట్లాడుకుని ఎన్నేళ్ళయిందో వాళ్ళకే గుర్తులేదు. మోగే ఫోను అట్టాగే చాపాడు.

"అన్నా... నాకు చేతకావట్లేదు. నువ్వే చెప్పు" అన్నాడు.

మా ఆయన ఫోను తీసుకున్నాడు. స్పీకర్ నొక్కాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఆఁ, చెప్పండి. నేను బాబూరావు వాళ్ళ అన్నని మాట్లాడుతున్నా."